వీపుకు వీపు

నీళ్ళు పోసుకున్న తడి హర్షిణి ఒంటిమీద ఇంకా ఆరలేదు. కుంపట్లో వేసిన సాంబ్రాణి, వాము కలిసిన పొగ గది కప్పును పట్టుకుని ఇంకా దిగలేదు. అంతలోనే ఆ పిల్ల నులకమంచం మీద దిగ్గున లేచి కూర్చుంది. రెండు చేతులూ మంచంపట్టె మీద ఆనించి, ముందుకు వంగి, నోరు తెరిచి గాలికోసం వెతుక్కుంది. తలుపు ఓరగా వేసి ఉన్నా, కిటికీ మూసి ఉన్నా, అందరికీ ఆడే గాలి ఆ గదిలో ఉంది. ఆమె ఒక్కదానికే అది అందడంలేదు...

"పండుకోమ్మా," అంది తల్లి మహానందమ్మ, కూతురి తలకు గుడ్డ బిగించి కడుతూ. "నీళ్ళు పోసుకున్న బాలింత కూర్చోగూడదు. నడుములోకి గాలి దూరుతాది. వయసు మళ్ళినాక తెలుస్తాది నీకు."

"పండుకుంటే ఊపిరాడ్డంలేదుమా."

"పొగకు. ధూపం వేసినాక అట్లే ఉంటాది. రవ్వంతసేపు ఓర్చుకో."

"పొగ లేకపోయినా అంతేమా... రాత్రంతా అంతే. ఆస్పత్రికి పోదామా?"

"పచ్చి బాలింతను గాలికి తిప్పుతారా యాడన్నా? కాయం చాల్లేదు నీకు. ఇంకొక ఉండ పెడతా, ఉండు."

బాలింతల సంగతి మహానందమ్మకు తెలియకపోవడమా! ఆళ్ళగడ్డ బజారులో భర్త సోమశేఖర్ కిరాణా కొట్టు ఎంత పాతదో, ఆ కొట్టు వెనకింట్లో ఆమె కట్టే కాయం ఉండలూ ఇంచుమించు అంత పాతవి. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము దోరగా వేయించి, దంచి, పాతబెల్లం పాకంలో నెయ్యి పోసి కట్టే ఆ బాలింతమందు కోసం చాగలమర్రి నుంచీ, శిరివెళ్ళ నుంచీ కబురు పెట్టేవాళ్ళున్నారు. పాలు పడకపోతే ఏం తినాలి, ఒళ్ళు నీరుపడితే ఏం మానాలి, దగ్గు వస్తే ఏ ధూపం పట్టాలి అని కొట్టు గడప దగ్గర నిలబడి అడిగే తల్లులకు, తూకం వేస్తూనే, తల ఎత్తకుండానే చెప్పేది. తన కాయం తిన్న బాలింత ఒక్కతె కూడా మంచాన పడలేదన్నది ఆమె గర్వం. పైకి ఎన్నడూ అనలేదు. లోపల మాత్రం నగలాగా దాచుకుంది.

అందుకే కూతురి పాదాలు ఉబ్బినప్పుడు అది బాలింతనీరు అనుకుంది. తాగే నీళ్ళు తగ్గించింది. దగ్గు వచ్చినప్పుడు చలువ చేసిందనుకుంది, ధూపం పెంచింది. ఆయాసం వచ్చినప్పుడు కాయం పెంచింది. ప్రతిదానికీ ఆమె దగ్గర ఒక జవాబు ఎప్పటినుంచో సిద్ధంగా ఉండింది. పిల్ల అడుగుతున్నది వేరే ప్రశ్న అని ఆమెకు తోచలేదు.

తోచలేదా... తోచిందేమో! పుట్టిన పసిబిడ్డ మరీ మెత్తగా ఊపిరి తీస్తున్నప్పుడు, ముక్కు కింద చూపుడువేలు పెట్టి, వెచ్చదనం తగిలేదాకా చేయి తీయని అలవాటు మహానందమ్మది. ఈ ఉదయం ఆ వేలు మనవరాలి ముక్కు దగ్గరనుంచి, తనకు తెలియకుండానే, కూర్చున్నచోటే కునుకుతున్న కూతురి ముక్కు కిందికి పోయింది. పోయినందుకు తానే ఉలిక్కిపడి, అపశకునం చేసినదానిలా చేతిని కొంగులో చుట్టుకుంది. అప్పటినుంచి ఆమె గుండెలో ఏదో సన్నగా వణుకుతూనే ఉంది. ఆ వణుకుకు మాత్రం ఆమె దగ్గర ఏ ధూపమూ లేదు.

కొట్టులోనుంచి సోమశేఖర్ లోపలికి తొంగిచూశాడు.

"మీ వదిన ఫోన్ చేసింది. నంద్యాల బస్సు దిగిందంట. ఆటోలో వస్తాంది."

"ఎవురు? ఉమామహేశ్వరమ్మ వదినా? చెప్పకుండానే?"

"దిగినాక చెప్పింది గదా. అదే చెప్పడం ఆయమ్మకు."

మహానందమ్మ చేతిలోని గిన్నె చప్పుడు చేసింది. హర్షిణి అత్త అంటే ఆమెకున్న భయం ఈనాటిది కాదు. నంద్యాలలో స్టీలు సామాన్ల కొట్టు ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. గిన్నె అంచు గోటితో మీటి అది ఎంత మందమో చెప్పేది; మనుషులనూ అట్లే మీటి చూస్తుందని చుట్టాల్లో పేరు. పెళ్ళిపంక్తిలో కూర్చుని, నలుగురూ వినేలా, "పప్పులో ఉప్పు మర్చిపోయినారా, మాకు మొహమాటం నేర్పిద్దామనుకున్నారా?" అని అడిగింది. సీమంతం నాడు, "ఆళ్ళగడ్డ కాయం అని చానా విన్నాంలే వదినా. మా కోడలు యట్ల లేస్తాదో చూస్తాంగా," అని నవ్వింది. ఆ నవ్వు మహానందమ్మకు చాలా రాత్రులు నిద్ర రానివ్వలేదు.

ఇప్పుడా మనిషి వస్తే కనబడేదేమిటి? గోడకు మూడు దిండ్లు ఆనించి, వాటికి చేరగిలబడి కూర్చున్న పచ్చి బాలింత! పథ్యం లేదు, పద్ధతి లేదు, కన్నబిడ్డనే పడుకోబెట్టలేనిది ఊరికి మందు కడుతుందా అనదా?

మహానందమ్మ గబగబా మంచం దగ్గరికి వచ్చింది. దిండ్లు ఒకదాని తరువాత ఒకటి లాగి అల్మారలో పెట్టి తలుపు వేసింది.

"అమ్మా, వద్దుమా..."

"రవ్వంతసేపేనమ్మా. మీ అత్త కండ్లముందు బాగా పండుకోనుండు. నా మానం కాపాడు తల్లీ. ఆయమ్మ పోయినాక నీ ఇష్టమొచ్చినట్టు కూర్చో."

హర్షిణి తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, మొండితనం లేదు. లోతు తెలియని బావిలోకి దిగమంటే సరే అన్న బిడ్డ చూపు అది. మెల్లగా వెల్లకిలా పడుకుంది. తల్లి మెడదాకా దుప్పటి కప్పింది. కుంపట్లో ఇంకొక చిటికెడు సాంబ్రాణి వేసింది.

ఆటో ఆగిన చప్పుడు. చెప్పులు విడిచిన చప్పుడు.

"ఏందీ వదినా, రైసుమిల్లు పెట్టినారా ఇంట్లో? ఈ పొగేంది?" అంటూనే లోపలికి వచ్చింది ఉమామహేశ్వరమ్మ. చేతిసంచిలోనుంచి పాపకు తెచ్చిన గౌను తీసి ఉయ్యాల కొయ్యకు తగిలించింది. పాపను చూసి, "మా సుమంత్ ముక్కే. దిద్దలేం ఇంక," అంది. కుర్చీ లాక్కుని కోడలి మంచం పక్కన కూర్చుంది. "ఏం హర్షిణీ, మీ అమ్మ వెల్లుల్లికారం పెడతాందా, ఉత్త కారమేనా?"

హర్షిణి నవ్వబోయింది. నవ్వు రాలేదు. నవ్వుకు కావలసిన గాలి కూడా లేదు.

"బాగా పెడతాండా వదినా," అని మహానందమ్మ తానే అందుకుంది. "పద్ధతిగా పండుకోనుంటాది. మాట జవదాటదు. రెండు పూటలా నీళ్ళు, ధూపం, కాయం..."

ఉమామహేశ్వరమ్మ చేయి ఎత్తింది. ఆ చేయి చూసి మహానందమ్మ మాట ఆగిపోయింది.

గదిలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక చప్పుడు. దుప్పటి కింద, హర్షిణి ఛాతీలో, మూతపెట్టిన కుండలో ఎసరు మరుగుతున్నట్టు... గుడగుడ... గుడగుడ... ఇన్నాళ్ళూ ఆ చప్పుడు మహానందమ్మ చెవిలో పడుతూనే ఉంది. ఇవాళ ఇంకొకరు చెవి ఒగ్గి వింటుంటే, మొదటిసారి తానూ విన్నది.

"దిండ్లు యాడ?" అంది ఉమామహేశ్వరమ్మ.

"బాలింతకు దిండు ఎత్తు..."

"ఈ పిల్ల ఇట్ల పండుకునే పిల్ల కాదు వదినా. ఎన్నాళ్ళైంది ఇది కూర్చోని నిద్రపోబట్టి? నాకు అబద్ధం చెప్పొద్దు. దిండ్లు యాడ?"

మహానందమ్మ చూపు అల్మార వైపు పోయింది. అంతే చాలింది.

ఉమామహేశ్వరమ్మ ఒక్క ఉదుటున లేచింది. కోడలి చంకల కింద చేతులు వేసి కూర్చోబెట్టింది, కాళ్ళు మంచం కిందికి వేలాడేసింది. హర్షిణి పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబారి ఉన్నాయి. నోటి మూలన సన్నటి నురుగు.

"కుంపటి బయటెయ్యి. కిటికీ తెరువు."

"వదినా, పచ్చి బాలింత... గాలి తగుల్తాది..."

"గాలికోసమే సస్తాంది పిల్ల. గాలి తగుల్తాదని బయమా నీకు?"

చప్పుడుకు సోమశేఖర్ తలుపు దగ్గరికి వచ్చాడు. "అన్నా, నూట ఎనిమిదికి చెయ్యి. ఊపిరాడ్డంలేదు, గుండెదగ్గర తేడాగా ఉండాది అని చెప్పు. బేగా రమ్మను," అంది ఆమె అతనితో. తరువాత తానే మంచం మీదికి ఎక్కింది. కోడలికి వీపు తిప్పి కూర్చుంది.

"నా ఈపుకు ఆనుకో. బరువంతా ఎయ్యి. మొహమాటపడొద్దు, మీ మామ నీకు రెండింతలు ఉండె. ఆయన్నే మోసిన ఈపు ఇది."

హర్షిణి ఆ వీపుకు వీపు ఆనించింది. మెడ వెనక్కి వాలింది. గాలి పూర్తిగా రాలేదు. కానీ వచ్చే దారి కొద్దిగా తెరుచుకున్నట్టు, ఒకటి... తరువాత ఇంకొకటి... ఊపిర్లు లోపలికి పోతున్నాయి. మహానందమ్మ చేతిలో కుంపటి పట్టుకుని నడిమింట్లో నిలబడిపోయింది. చేతులు కాలుతున్నాయని కూడా ఆమెకు తెలియలేదు.

అంబులెన్సు శిరివెళ్ళ దగ్గర ఉందన్నారు, వస్తోందన్నారు. ఆ వచ్చేలోగా కాలం కదలలేదు. అది వచ్చినప్పుడు వెంట ఒక్కరే ఎక్కాలన్నారు. మహానందమ్మ వెనక్కి అడుగు వేసింది.

"నువ్వెక్కు వదినా. నీకు తెలుసు. నాకేం తెలీదు..." అంది. ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు ఆమెకు సిగ్గు వేయలేదు. సిగ్గుకు కూడా అప్పుడామెలో చోటు లేదు.

"తెలిసినోళ్ళు దాంట్లో ఉండారులే. పిల్లకు అమ్మ గావాల. ఎక్కు," అంది ఉమామహేశ్వరమ్మ, పసిబిడ్డను గుడ్డలో చుట్టుకుంటూ. "దీన్ని నేను తెస్తా. డబ్బాపాలు తాగినంత మాత్రాన మా వంశానికి నామోషీ లేదు."

నంద్యాల దారి మహానందమ్మకు కొత్తది కాదు. సరుకుకోసం, పెళ్ళిళ్ళకోసం, కూతురి కాపురం చూడటంకోసం ఎన్నిసార్లు పోయిందో! కుడిచేతి వైపు నల్లమల కొండలు ఎప్పుడూ తోడు నడిచేవి. ఇవాళ అవి కదలకుండా అక్కడే నిలబడినట్టున్నాయి. కూతురి ముఖానికి కట్టిన ఆక్సిజన్ మాస్కు లోపల ఆవిరి పట్టేది, కరిగేది. ఆవిరి పడితే బిడ్డ ఉంది. కరిగితే... మళ్ళీ పట్టేదాకా తల్లి లేదు. ఆయలూరు మెట్ట దాటేసరికి, కూతురితోపాటు తానూ ఊపిరి తీస్తోందని, కూతురు ఆగినచోట తానూ ఆగుతోందని ఆమెకు తెలిసింది. అన్ని ఉండలు కట్టిన చేతులు అవి. ఒక్క ఊపిరిని కట్టి ఆ బిడ్డ నోట్లో పెట్టలేకపోయాయి.

ఆస్పత్రిలో ఎకో పరీక్ష చేసిన డాక్టరు లావణ్య బయటికి వచ్చి, నిలబడే చెప్పింది.

"గుండె కండరం బాగా బలహీనపడింది. కాన్పు ముందో, తరువాతో కొద్దిమందికి ఇలా వస్తుంది. గుండె రక్తాన్ని సరిగా తోడలేకపోతే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కూర్చుంటే ఊపిరాడేది, పడుకుంటే ఆడకపోయేది దానివల్లే. నీరు దిగడానికి మందు ఎక్కిస్తున్నాం."

"నేను పెట్టిన కాయానికి వచ్చిందా తల్లీ?"

"కాయం వల్ల రాలేదమ్మా." డాక్టరు కొంచెం ఆగింది. "కానీ పడుకోలేకపోతున్నానని మీ అమ్మాయి చెప్పినరోజే తీసుకొచ్చి ఉండాల్సింది."

"బతుకుతాదా?"

"రేపటిదాకా నన్ను అడగొద్దు."

ఆ మాట విన్నాక మహానందమ్మ గోడవారన కూలబడింది. కూతురు కాదు, తన ఒళ్ళే నీటిలో దిగిపోతున్నట్టుంది. అప్పుడే అల్లుడు సుమంత్ ఆఫీసునుంచి పరుగెత్తుకొచ్చాడు. పాపను ఎత్తుకుని నిలబడిన తల్లి వైపు చూశాడు, కిందకూర్చున్న అత్త వైపు చూశాడు.

"రోజూ ఫోన్లో బాగుండాది, బాగుండాది అంటిరే. ఏమైంది? ఇంత ముదిరేదాకా ఎవురూ చూడలేదా?"

ఇప్పుడు చెబుతుంది... మహానందమ్మ కళ్ళు మూసుకుంది. దిండ్లు లాగి దాచిన సంగతి, పొగ సంగతి, నలుగురిలో, తన అల్లుడి ముందు... చెప్పనీ. తనకు దక్కవలసిందే అది.

"దిండ్లు దాచింది మీ అత్త," అంది ఉమామహేశ్వరమ్మ. "దాచేటంత బయం పెట్టిందాన్ని నేను. పప్పులో ఉప్పు కాడినుంచి అన్నిటికీ పేరుపెట్టి, నా ముందర బిడ్డను కూర్చోబెట్టడానిక్కూడా బయపడేటట్టు చేసినా. ఎవుర్ని అడుగుతావో అడుగు. ముందు పోయి పెండ్లానికి కనపడు."

సుమంత్ లోపలికి పోయాడు. ఉమామహేశ్వరమ్మ వచ్చి మహానందమ్మ పక్కనే నేలమీద కూర్చుంది. ఆమె ఒళ్ళో పాప నిద్రలో చప్పరించింది.

"నీకు యట్ల తెలిసింది వదినా?"

"మా ఆయన ఆఖరి సమచ్చరమంతా పండుకున్నది లేదు. పండుకుంటే మునిగిపోతాండానే అనేటోడు. నేను ఎనక కూర్చునేదాన్ని. ఆ మనిషి ఊపిరంతా నా ఈపుకు తెలిసేది." ఆమె గొంతు మామూలుగానే ఉంది, గిన్నెల ధర చెప్పేటప్పుడు ఉన్నట్టే ఉంది. "ఒకనాడు నేను గూడా కునుకు తీసినా. మెలకువొచ్చేసరికి ఈపుమీద బరువు లేదు. పక్కకు ఒరిగిపోయినాడు. బరువు పోయిందంటే తెలిసిపోతాది వదినా. తిరిగి చూడాల్సిన పన్లేదు."

మహానందమ్మ ఆమె చేయి పట్టుకుంది. మీటి చూసే ఆ గోళ్ళు చల్లగా ఉన్నాయి. ఈ మనిషికి తానింతకాలం భయపడింది! ఆమెకూ ఒక భయం ఉంటుందని, దాన్ని వీపున మోసుకుంటూ తిరుగుతోందని ఎన్నడూ అనుకోలేదు.

రేపు వచ్చింది. ఆ తరువాతి రేపూ వచ్చింది. హర్షిణి ఒంటినుంచి నీరు దిగుతోందన్నారు. మందులు చాలాకాలం వాడాలన్నారు, చాలామంది కోలుకుంటారన్నారు, కొందరు కోలుకోరన్న మాటను కూడా డాక్టరు దాచలేదు. గుండె డాక్టరు చెప్పకుండా మళ్ళీ కడుపు మాట తలపెట్టకూడదని చెప్పినప్పుడు, మహానందమ్మ భయంభయంగా వియ్యపురాలి వైపు చూసింది.

"నన్నేంది చూస్తావు? ఒక్కతి చాలు, దీని అరుపే పదిమంది పెట్టు," అంది ఉమామహేశ్వరమ్మ. "నీకూ ఇంకోతూరి కాయం దంచే పని తప్పె."

ఆ మాటకు, ఆ ఆస్పత్రి వరండాలో, ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఒకరికి తెలియకుండా ఒకరు కళ్ళు తుడుచుకున్నారు.

చాగలమర్రి నుంచి ఎవరో తల్లి ఫోన్ చేసింది, కూతురికి కాయం కావాలని. మహానందమ్మ అడిగింది: "మీ కూతురు వెల్లకిలా పండుకోగలుగుతాందా? ముందు అది కనుక్కో. పండుకుంటే ఊపిరాడ్డంలేదంటే కాయం వద్దు, ధూపం వద్దు. ఉన్నపళంగా ఆస్పత్రికి తీస్కపో. ఆ, నేనే చెప్తాండా."

కానీ భయం మాత్రం హర్షిణిని విడవలేదు. నీరు దిగినా, మాస్కు తీసినా, వెల్లకిలా పడుకోవాలంటే ఆ పిల్ల బెదిరిపోయేది. మంచం తలవైపు ఎత్తి పెట్టినా కళ్ళు మూసేది కాదు. వీపుకు వీపు ఆనించి తల్లి కూర్చుంటేనే కునుకు పట్టేది. మహానందమ్మ తిండి మరచి, నడుము మరచి, ఆ మంచంమీద కూర్చునే ఉంది. తన వెన్నులో కూతురి ఊపిరి ఒక్కొక్కటిగా తగిలేది. ఈ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ముందువైపు తెలిసిన కదలిక, ఇన్నేళ్ళకు వెనకవైపు తెలుస్తోంది. ప్రతి ఊపిరికీ ఆమె మనసులో ఒకటే మాట: ఇంకొకటి తల్లీ... ఇంకొకటి...

ఒక మధ్యాహ్నం, వార్డులో ఫ్యాను గిర్రున తిరుగుతుండగా, ఎండ కిటికీ చువ్వల నీడలను నేలమీద పరిచి ఉండగా, మహానందమ్మకు తెలియకుండానే రెప్పలు వాలాయి.

మెలకువ వచ్చేసరికి వీపు చల్లగా ఉంది.

బరువు లేదు.

ఆమె ఒళ్ళంతా రాయి అయిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, పక్కమంచం మనిషి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. ఆమెకు మాత్రం ఏ చప్పుడూ వినబడలేదు. బరువు పోయిందంటే తెలిసిపోతాది వదినా... తిరిగి చూడాల్సిన పన్లేదు... తిరగలేకపోయింది. తిరిగితే నిజమవుతుంది. తిరగనంతసేపూ తనకొక కూతురుంది.

చివరికి తల తిప్పకుండానే చేయి వెనక్కి చాచింది. వేళ్ళు దుప్పటిని తడిమాయి, భుజాన్ని తడిమాయి, చెంపను తడిమాయి. ముక్కు దగ్గరికి వచ్చి ఆగాయి. చూపుడువేలు ఒక్కటి ముందుకు జరిగి, పసిబిడ్డ ముక్కు కింద నిలిచినట్టు, నిలిచింది.

ఏమీ లేదు.

ఏమీ లేదు...

తరువాత వెచ్చగా, సన్నగా, ఒక గాలి ఆ వేలిని తాకి పోయింది.

మహానందమ్మ తిరిగి చూసింది. హర్షిణి మంచం అంచున, దిండు కూడా లేకుండా, వెల్లకిలా పడుకుని ఉంది. ఛాతీ మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది. గుడగుడ లేదు, ఏ చప్పుడూ లేదు. తానే ఎప్పుడో, తల్లిని లేపకుండా, జరిగి పడుకుంది.

తల్లి వేలు ముక్కు కిందనుంచి కదలలేదు. ఇంకొకటి... ఇంకొకటి... అని లెక్క లేకుండా వెచ్చదనం తాగుతోంది.

"ఉండాన్లేమా," అంది హర్షిణి కళ్ళు తెరవకుండానే. చేయి పట్టుకుని మెల్లగా పక్కకు లాగింది. "జరిగినా, చోటుండాది. నువ్వుగూడా పండుకో."